పొగ ఎంత ఎత్తున వుంది? కూలీ ముక్కుకు ఎంత దూరంలో వుంది?

2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఢిల్లీ, దాని చుట్టుపక్కల రాష్ట్రాల ప్రాంతాలలో వరికొయ్యలు కాల్చే రైతుల మీద జరిమానాను రెట్టింపు చేసింది. రెండెకరాల లోపు వాడికి 5 వేల రూపాయలు, రెండు నుంచి ఐదెకరాల వాడికి 10 వేలు, అంతకు మించితే 30 వేలు. 2025 జూలైలో అదే ప్రభుత్వం మరో ఉత్తర్వు తీసింది. బొగ్గు విద్యుత్ కేంద్రాల పొగలో గంధకపు వాయువు ఇంతకు మించి వుండరాదని 2015 డిసెంబరులో ఒక హద్దు పెట్టారు. గడువులు పొడిగిస్తూ పొడిగిస్తూ వచ్చి, చివరికి దేశంలోని యూనిట్లలో నాలుగింట మూడు వంతులకు పైగా ఆ హద్దు నుంచి మినహాయింపు ఇచ్చేశారు. పొగగొట్టం ఎత్తు రూలు ప్రకారం వుంటే చాలునన్నారు.

రైతు పొగ నేల మీద పుట్టింది గనుక నేరమైంది. విద్యుత్ కేంద్రం పొగ 275 మీటర్ల ఎత్తున పుట్టింది గనుక నేరం కాకుండా పోయింది. రెండు ఉత్తర్వుల మధ్య తేడా అంతా ఎత్తులోనే వుంది. మరి పైన వదిలిన పొగ పైనే వుంటుందా? కింద పుట్టిన పొగ ఎంత దూరం లేస్తుంది? ఏ వేళకు ఎక్కడ వుంటుంది? ఇది కొలిచి చూడవలసిన విషయం. కొలిచే సాధనాలు వున్నాయి కూడా. నేల మీదనే వుండి, తల పైకెత్తి చూసి, పొగ ఏ ఎత్తున ఎంత వుందో చెప్పే యంత్రాలవి.

ఈ యంత్రాల గొడవ మనకెందుకని కొందరు కార్యకర్తలు అనుకోవచ్చు. కూలి రేటు మాట్లాడాలంటే ధరల లెక్క నేర్చుకున్నాం. భూమి సంగతి మాట్లాడాలంటే అడంగల్, పహాణీ చదవడం నేర్చుకున్నాం. నేర్చుకోనంత కాలం కరణం చెప్పిందే లెక్కగా చెల్లింది. గాలి లెక్క కూడా అంతే. మనం నేర్చుకోకపోతే ఇంకొకడు మన తరఫున చెబుతాడు, వాడికి అనుకూలంగా చెబుతాడు.

గాలికి మూత

పగటిపూట ఎండకు నేల కాగుతుంది. నేలను అంటుకున్న గాలి వేడెక్కి పైకి లేస్తుంది, పైగాలి కిందికి వస్తుంది. అన్నం ఉడికేటప్పుడు ఎసరు కలియబడినట్టు గాలి కలియబడుతుంది. పొగ కూడా ఆ కలియబాటులో పైకి పోయి పలచబడుతుంది. ఉత్తరాది మైదానాలలో వేసవి మధ్యాహ్నం ఈ కలియబాటు రెండు మూడు కిలోమీటర్ల ఎత్తు దాకా పోతుంది.

చలికాలం రాత్రి ఇది తారుమారవుతుంది. నేల చల్లబడుతుంది. నేలనంటిన గాలి చల్లబడి, బరువెక్కి అక్కడే కూచుంటుంది. దాని మీద కొంచెం వెచ్చని గాలి మూతలాగా పరుచుకుంటుంది. ఆ మూత ఒక్కోసారి 200 మీటర్ల కన్నా కిందికి దిగుతుంది. చలికాలం పొద్దుగూకే వేళ పొయ్యిల పొగ పైకి పోకుండా ఇళ్ళ కప్పుల మీద దుప్పటి పరిచినట్టు పడుకోవడం మనవాళ్ళు రోజూ చూసేదే. మూత అంటే అదే.

ఇప్పుడు చిన్న లెక్క. కొంత పొగ పుట్టింది. అది 2,000 మీటర్ల ఎత్తు దాకా సమంగా కలిస్తే దాని చిక్కదనం ఒక వంతు అనుకుందాం. అదే పొగ 200 మీటర్ల మూత కింద ఇరుక్కుంటే చిక్కదనం పది వంతులు. పొగ పెట్టినవాడు పిడికెడు కూడా ఎక్కువ పెట్టలేదు. మూత దిగింది, అంతే. కాబట్టి ఎంత పొగ పుట్టిందన్నది సగం ప్రశ్న మాత్రమే. ఎంత ఎత్తులో ఇరికిందన్నది మిగతా సగం.

ఈ మిగతా సగం ప్రాణాలకు సంబంధించినది. 1984 డిసెంబరు 2 రాత్రి తెల్లవారితే 3వ తేదీ. భోపాలులో విషవాయువు చలికాలపు రాత్రి గాలిలో వెలువడింది. అది గాలి కన్నా బరువైన వాయువు. పైకి పోలేదు, గుడిసెల్లోకి పోయింది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో వెలువడిన స్టైరీన్ కూడా గాలి కన్నా బరువైనదే. నిద్రలో వున్న జనం మీద నేలబారున పాకింది. పన్నెండు మంది చనిపోయారు.

రెండు కొలతలు, మధ్యలో ఖాళీ

ఇప్పుడు గాలి నాణ్యత అని పత్రికల్లో వేసే అంకెలు రెండు చోట్ల నుంచి వస్తాయి. ఒకటి పట్నాలలో నేలకు కొద్ది మీటర్ల ఎత్తున గాలిని పీల్చి తూచే యంత్రం. అది తన పక్కనున్న గాలి సంగతి మాత్రమే చెబుతుంది. రెండవది ఉపగ్రహం. అది కొన్ని వందల కిలోమీటర్ల పై నుంచి చూసి, కింది దాకా వున్న మొత్తం వాయువును ఒక అంకెగా చెబుతుంది. గాదెలో మొత్తం ఎన్ని బస్తాలున్నాయో చెప్పగలదు గాని, ఏ అరలో ఎన్నున్నాయో చెప్పలేదు.

పైగా ఉపగ్రహం చెప్పే మొత్తం కూడా ఒక ఊహ మీద ఆధారపడి వుంటుంది. వాయువు నేల దగ్గర ఎంత, పైన ఎంత వుండవచ్చునో ముందుగా అనుకుని ఆ ప్రకారం లెక్క కడతారు. ఆ అనుకోలు తప్పితే మొత్తం కూడా తప్పుతుంది. అందుకని ఉపగ్రహాన్ని సరిచూడటానికైనా నేల మీది నుంచి ఎత్తుల వారీగా కొలిచేవాడు కావాలి.

నూతిలో రాయి వేసినట్టు

అటువంటి యంత్రాలలో ఒకటి లైడార్. పాడుబడ్డ నూతి లోతు తెలియాలంటే పెద్దలు రాయి వేసి, చప్పుడు వినబడేదాకా లెక్కపెడతారు. లైడార్ చేసేదీ అదే, కాకపోతే నుయ్యి ఆకాశంలో వుంది. రాయికి బదులు లేజర్ వెలుతురు తునక. అది పైకి పోతూ ధూళి కణాలకు తగిలి, కొంత వెలుతురు వెనక్కి వస్తుంది. కింద దుర్భిణి పెట్టి దాన్ని పట్టుకుంటారు.

వెలుతురు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. సెకనును పది లక్షల ముక్కలు చేస్తే, రెండు ముక్కల కాలంలో తిరిగి వచ్చిన వెలుతురు 300 మీటర్ల ఎత్తున ధూళికి తగిలి వచ్చిందన్నమాట. పది ముక్కల కాలంలో వస్తే 1,500 మీటర్లు. పోవడానికీ రావడానికీ పట్టిన కాలం గనుక సగం చెయ్యాలి. ఎంత వెలుతురు తిరిగి వచ్చిందన్న దాన్ని బట్టి ఆ ఎత్తున ధూళి ఎంత వుందో లెక్క కడతారు. మూత ఎక్కడుందో కూడా దీనితో తెలుస్తుంది. మూత కింద ధూళి దట్టంగా, పైన పలచగా వుంటుంది గనుక, ఆ మారే చోటే మూత.

ఇది ఎక్కడో విదేశాల్లో వున్న వింత కాదు. తిరుపతి దగ్గర గాదంకిలో కేంద్ర ప్రభుత్వపు జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల వుంది. అక్కడ 1998లో జపాన్ సహకారంతో లైడార్ పెట్టారు. మన పన్నుల డబ్బుతో నడిచే సంస్థ అది. చుట్టూ వేరుశనగ, చెరుకు చేలల్లో పనిచేసే కూలీలకు ఆ లేజర్ దేనికోసమో తెలియజెప్పవలసిన బాధ్యత మన చదువరులది.

లైడారుకు లోపాలున్నాయి. ధూళిని బాగా చూస్తుంది గాని, మామూలు లైడార్ ఫలానా వాయువు అని పేరు పెట్టి చెప్పలేదు. పెద్ద లైడారుకు నేల దగ్గరి తొలి కొన్ని వందల మీటర్లు సరిగా కనబడవు. లేజర్ వెలుతురూ దుర్భిణి చూపూ కొంత ఎత్తుకు పోయాకగాని కలవవు. మనం పీల్చే గాలేమో ఆ అడుగునే వుంటుంది.

వెలుతురులో వేలిముద్ర

రెండవ యంత్రం పేరు మాక్స్ డోయాస్. దీనికి సొంత దీపం లేదు. ఆకాశంలో చెదిరి వచ్చే సూర్యుడి వెలుతురే దీనికి పనిముట్టు. వెలుతురును హరివిల్లు రంగులుగా విడదీసి చూస్తే, ఒక్కో వాయువు ఒక్కోచోట కొంత వెలుతురును మింగివుంటుంది. నైట్రోజన్ డయాక్సైడ్ ముఖ్యంగా ఊదా, నీలం రంగుల దగ్గర, ఫార్మాల్డిహైడు కంటికి కనబడని అతినీలలోహిత భాగంలో. రేషను షాపులో వేలిముద్ర వేస్తే మనిషెవరో తేలినట్టు, ఆ మింగిన ఆనవాలును బట్టి వాయువు ఏదో తేలుతుంది. జర్మనీ శాస్త్రజ్ఞులు డీటర్ పెర్నర్, ఉల్రిచ్ ప్లాట్ 1970ల చివర ఈ పద్ధతికి రూపమిచ్చారు. అనేక కోణాల నుంచి చూసి ఎత్తులు చెప్పే పద్ధతి 2000 తర్వాత నిలదొక్కుకున్నది.

ఎత్తు ఎలా తెలుస్తుంది? సాయంత్రం చెరువు కట్ట మీద నిలబడి ఊరివైపు నేలబారున చూడండి. పొగ దట్టంగా వుంటుంది, అవతలి చెట్లు మసకబారి వుంటాయి. అక్కడే తల పైకెత్తితే చుక్కలు కనబడతాయి. నేలబారున చూసినప్పుడు మన చూపు కిలోమీటర్ల పొడవున పొగలోనుంచే పోయింది. నిటారుగా చూసినప్పుడు పొగ పొరను ఒక్కసారి దాటి బయటపడింది. యంత్రం కూడా మొదట నేలకు ఒకటి రెండు డిగ్రీల ఏటవాలుగా, తర్వాత ఐదు, పది, ముప్పై డిగ్రీలుగా చూసుకుంటూ పోయి చివరికి నిటారుగా చూస్తుంది. వాయువు నేల దగ్గరే వుంటే కింది చూపుకు చాలా ఎక్కువగా, పై చూపుకు చాలా తక్కువగా కనబడుతుంది. వాయువు పైకి లేచి వుంటే ఈ తేడా తగ్గిపోతుంది. ఆ తేడాల నుంచి ఏ ఎత్తున ఎంతన్నది లెక్క తీస్తారు.

ఇందులో ఒక తూకపురాయి కూడా వుంది. గాలిలో ఆక్సిజన్ ఎంత వుందో ముందే తెలుసు, అది మారదు. దాని ఆనవాలు అనుకున్నదానికంటే తక్కువగానో ఎక్కువగానో కనబడితే, దారిలో ధూళి వెలుతురును అడ్డుకుని దాని నడకను మార్చిందన్నమాట. ఆ విధంగా ధూళి లెక్కా దొరుకుతుంది.

దీనికీ లోపాలున్నాయి. సూర్యుడు లేనప్పుడు ఇది గుడ్డిది. మబ్బు పడితే తడబడుతుంది. రెండు కిలోమీటర్లు దాటితే చూపు మందగిస్తుంది. మూత బాగా దిగే రాత్రివేళ ఇది నిద్రపోతుంది గనుక, రాత్రికి లైడార్ కావాలి, పగటికి ఇది కావాలి, అడుగున గాలి పీల్చి తూచే యంత్రమూ కావాలి. మూడూ కలిస్తేగాని సంగతి పూర్తిగా తేలదు.

మొహాలీలో తేలిన సంగతి

పంజాబులో చండీగఢ్ పక్కన మొహాలీ వుంది. అక్కడి ఐసర్ విద్యాసంస్థ ఆవరణలో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ రసాయన సంస్థతో కలిసి 2013 జనవరి నుంచి 2017 జూన్ దాకా మాక్స్ డోయాస్ నడిపారు. నాలుగేళ్ళకు పైగా వరి, గోధుమ పొలాల మధ్య గాలిని ఎత్తుల వారీగా కొలిచారు. ఫలితాలు 2020లో అచ్చయినాయి.

తేలిందేమిటి? నైట్రోజన్ డయాక్సైడులో అధికభాగం నేలకు దగ్గరగానే వున్నది. ఫార్మాల్డిహైడ్ మాత్రం వేసవిలో 600 మీటర్ల ఎత్తు దాకా గణనీయంగా వున్నది. పొగలోని ఇతర పదార్థాలు ఎండకు మారి పైన కొత్తగా తయారవుతున్నాయని దీని అర్థం. వేసవికీ చలికాలానికీ మధ్య మూత లేచి దిగినట్టే ఈ వాయువుల ఎత్తూ లేచి దిగింది. కొయ్యలు తగలబెట్టే రోజుల్లోనూ, చలికి ఇళ్ళల్లో మంటలు వేసుకునే రోజుల్లోనూ నైట్రోజన్ డయాక్సైడ్ పెరిగింది. ఫార్మాల్డిహైడ్ అన్నిటికంటే ఎక్కువగా కనబడింది కొయ్యల మంటల కాలంలోనే.

కాబట్టి కొయ్యల పొగ హాని చెయ్యదని మేము అనడం లేదు. చేస్తుంది. ఆ హాని మొదట తగిలేది ఢిల్లీలో అద్దాల గదిలో కూచున్నవాడికి కాదు. మంట పక్కన వున్న ఊరి జనానికి, ఆ పొలంలో మర్నాడు పనికి దిగే బీహారీ వలస కూలీకి. కోత మిషను వచ్చి కూలీ కొడవలి పని తీసేసింది. మిషను పొడుగు కొయ్యలనూ చెల్లాచెదురు గడ్డినీ పొలంలో వదిలేసింది. పని పోయింది ఒకడికి, పొగ మిగిలింది వాడికే.

తేదీ మారితే పొగ మారింది

2009లో పంజాబు ప్రభుత్వం భూగర్భ జలం కాపాడటానికి చట్టం చేసింది. జూన్ 10కి ముందు వరినాట్లు వెయ్యరాదన్నది. నీటి విషయంలో అది అవసరమైన పనే. కాని నాట్లు వెనక్కి జరిగితే కోతలు వెనక్కి జరిగాయి. కోతకూ గోధుమ విత్తుకూ మధ్య వ్యవధి తగ్గింది. మంటలు అక్టోబరు చివరికీ నవంబరుకూ చేరి ఒక్కచోట గుమిగూడాయి. నవంబరు అంటే మూత దిగే నెల. సెప్టెంబరు చివర కాలిస్తే ఎత్తుకు లేచి పలచబడే పొగ, నవంబరులో నేలబారున నిలిచింది. నీళ్ళు కాపాడే చట్టం గాలిని ఇలా దెబ్బతీసిందని 2019లో వ్యవసాయ శాస్త్రజ్ఞులు లెక్కలతో చూపారు.

మరి వరి, గోధుమ తప్ప వేరే పంటకు గిట్టుబాటు ధర భరోసా ఇవ్వకుండా రైతును ఈ ఇరుకులోకి నెట్టిందెవరు? జరిమానా రసీదు మీద ఆ పేరు వుండదు.

ఇంకొక సంగతి. మంటలను లెక్కపెట్టే ముఖ్యమైన ఉపగ్రహాలు మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో మన మీదుగా పోతాయి. మంటలు బాగా తగ్గాయని 2024లో ప్రభుత్వాలు చెప్పుకుంటున్నప్పుడే, ఆ వేళ దాటిన తర్వాత కాల్చడం పెరిగిందని శాస్త్రజ్ఞులు బయటపెట్టారు. జరిమానా భయంతో రైతు సాయంత్రం దాకా ఆగి నిప్పు పెడితే ఏమవుతుంది? సాయంత్రం మూత దిగుతూ వుంటుంది. పగలు పైకి పోవలసిన పొగ రాత్రంతా ఊరి మీదే వుంటుంది. దారి చూపకుండా శిక్ష మాత్రం వేస్తే, అంకె తగ్గుతుంది, పొగ పెరుగుతుంది.

పొడుగు పొగగొట్టం మర్మం

500 మెగావాట్లు, అంతకు మించిన యూనిట్లకు పొగగొట్టం 275 మీటర్లు వుండాలని రూలు. పొగ ఎత్తున వదిలితే కిందివాళ్ళకు తగలదని వాదన. రాత్రిపూట కొంతవరకు ఇది నిజమే. మూతకు పైన వదిలిన పొగ పైనే తేలుతూ పోతుంది.

కాని తెల్లవారి పొద్దెక్కుతుంది. నేల కాగుతుంది, గాలి కలియబడటం మొదలవుతుంది. ఆ కలియబాటు రాత్రంతా పైన తేలిన పొగను అందుకోగానే దాన్ని ఒక్కసారిగా నేలకు దించుతుంది. వాతావరణ శాస్త్రంలో ఇది కొత్త విషయం కాదు, పాఠ్యపుస్తకాల్లో వున్నదే. ఆ వేళకు కూలీ ఎక్కడ వుంటాడు? నాటులో నడుం వంచి వుంటాడు, మిరప చేలో వుంటుంది మన ఆడకూలీ. పైగా దూరం పోయిన గంధకపు వాయువు మాయమైపోదు. దారిలో సన్నని ధూళిగా మారి ఇంకో జిల్లాలో దిగుతుంది. రామగుండం, పాల్వంచ, ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అడగవలసిన ప్రశ్న ఇది: మా మీదుగా పోయే పొగ ఏ వేళకు ఏ ఎత్తున వుంటుంది? ఎవరు కొలిచారు? ఆ కాగితం చూపండి.

కొలవకుండా మినహాయింపు ఇవ్వడం, తూకం వెయ్యకుండా ధాన్యం కొన్నట్టే. ఎవరికి లాభమో వేరే చెప్పనక్కరలేదు.

పల్లెకు కొలతే లేదు

2019 జనవరిలో జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమం మొదలైంది. దాని కింద వందకు పైగా నగరాలను చేర్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 13, తెలంగాణలో హైదరాబాదు, నల్లగొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి. అన్నీ పట్నాలే. నల్లగొండ పట్నం లెక్కలో వుంది, ఆ పట్నానికి బియ్యం పెట్టే పల్లె లెక్కలో లేదు. ఢిల్లీకి 2018 నుంచి గాలి ముందస్తు హెచ్చరిక వుంది. రేపు మూత ఎంత ఎత్తున వుంటుంది, గాలి ఎంత వీస్తుంది అన్నది కూడా అందులో చెబుతారు. దాన్ని బట్టి బడులు మూస్తారు, ఆఫీసుల వేళలు మారుస్తారు. పొలానికి సెలవు లేదు. కూలీకి వేళ మార్పు లేదు. మార్చుకుంటే ఆ పూట కూలి పోతుంది.

యాసంగి నాట్ల కాలంలో చీకటితోనే పనికి పోయే ఆడవాళ్ళు గొంతు మంట, దగ్గు, కళ్ళు మండటం చెబుతారు. ఆర్ఎంపీ దగ్గరికి పోతే మంచు పడలేదని ఒక సూది వేసి పంపుతాడు. అందులో మంచెంత, పొగెంత, అది ఇటుక బట్టీదా, కొయ్యలదా, పొగగొట్టానిదా అని తేల్చే కొలత ఆ మండలంలో లేదు. కొలత లేని బాధకు నష్టపరిహారం వుండదు.

మనం అడగవలసినవి

సంఘాల వారు మండల, జిల్లా సభల్లో ఈ విషయాలు చర్చకు పెట్టాలని మేము కోరుతున్నాం.

ఒకటి, గాలి కొలత కేంద్రాలు వరి ప్రాంతాల పల్లెల్లోనూ, ఇటుక బట్టీల దగ్గరా పెట్టాలి.

రెండు, ప్రతి బొగ్గు విద్యుత్ కేంద్రం చుట్టూ ఎత్తుల వారీగా కొలిచే యంత్రాలు పెట్టాలి. ఖర్చు ఆ కేంద్రమే భరించాలి, నడిపేది మాత్రం ప్రభుత్వ శాస్త్రసంస్థలు కావాలి. వచ్చిన అంకెలు రోజూ తెలుగులో పంచాయతీ ఆఫీసు బోర్డు మీద రాయాలి.

మూడు, 2025 జూలై మినహాయింపును రద్దు చేసి, 2015 నాటి హద్దును అమలు జరపాలి.

నాలుగు, చిన్న రైతు మీద జరిమానాలు ఎత్తివెయ్యాలి. కొయ్యలు, గడ్డి ఏరి చేర్చే పనిని ఉపాధి పనిగా గుర్తించి కూలీలకు కూలి ఇవ్వాలి. పొగా తగ్గుతుంది, మిషను లాక్కున్న పనిలో కొంతైనా తిరిగి వస్తుంది.

ఐదు, మూత దిగే రోజులను ముందుగా చాటింపు వేయించాలి. ఆ రోజుల్లో పొద్దెక్కి గాలి తేటబడిన తర్వాతనే పని మొదలు పెట్టించాలి. అందుకు కూలి కొయ్యరాదు.

ఈ ఐదింటిలో చివరిదానికి ఏ యంత్రం కోసమూ ఆగనక్కరలేదు. చలికాలం పొద్దున పొయ్యి పొగ ఎటు పోతున్నదో చూస్తే మన ఊరి మూత సంగతి మనకే తెలుస్తుంది. పొగ నిటారుగా లేచిపోతే సరే. ఇంటికప్పు మీదే పడుకుంటే ఆ పూట పని వేళ గురించి ఆసామితో మాట్లాడాలి. ఒక్కరు కాదు, ముఠా అంతా కలిసి పోయి మాట్లాడాలి.